గౌరిని లోపలికి పంపిందెవరు

తన కథను తాను దిద్దుకోవడానికి నలుగురి అనుమతి కావాలని ఏ రాజ్యాంగంలోనూ లేదు. నిత్యానందంగారి రాజ్యాంగంలో మాత్రం ఉంది. అందుకే ఆ ఆదివారం సిల్వియా చర్చి ఎగ్గొట్టి, ఏలూరు పవరుపేటలో ప్యాసింజరెక్కింది. ఏదో ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి ఆ బండి పుల్లాలో నిలబడిపోయింది. చెమటలు కక్కుకుంటూ తాడేపల్లిగూడెంలో దిగేసరికి సగం ఓపిక అయిపోయింది. మిగిలిన సగం ఎంతసేపు నిలుస్తుందో ఆమెకే నమ్మకం లేదు.

'మొగలిలంక' అని ఒకప్పుడు టీవీలో సీరియల్ వచ్చేది. కొల్లేటి లంకలో ఒక ఇంటి కథ. ఆ ఇంటి కోడలు గౌరి. మొగుడు చలపతి ఒకరోజు అన్నం పళ్ళెం ఆమె మొహాన విసిరికొడితే, గౌరి పెట్టె పట్టుకుని పడవెక్కింది. పడవ సగం దూరం వెళ్ళిందో లేదో సీరియల్ ఆగిపోయింది. ఎందుకాపారో చెప్పినవాడు లేడు. చూసేవాళ్ళు నాలుగు రోజులు తిట్టుకుని ఇంకో సీరియల్‌కి మళ్ళారు. మళ్ళలేని కొందరు మాత్రం ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకుని మిగతా కథ తామే రాసుకోసాగారు.

మొదటి కథ సిల్వియాది. 2002లో, నెట్ సెంటర్లో కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ రాసింది. అందులో గౌరి మొగుడింటికి తిరిగొచ్చింది. ఆ రావడాన్ని పట్టుకుని గ్రూపులోని వీరరాఘవమ్మగారు ఇంకో కథ రాశారు, ఆ కథను పట్టుకుని మరొకరు. ఆరేళ్ళలో గౌరికి పిల్లలు పుట్టారు, బారసాలలయ్యాయి, చలపతి మంచివాడయ్యాడు. లంక నిండా జనం. ఇప్పుడు వాటన్నిటినీ వరసగా బ్లాగులో పెట్టాలని గ్రూపువాళ్ళ సంకల్పం. దానికి ముందు పాత కథలన్నీ మళ్ళీ చదివి, పొసగనివి సరిచేయాలి.

ఇక్కడే పేచీ. గ్రూపులో మొదటినుంచీ ఒక కట్టుబాటు ఉంది. విస్తట్లో వడ్డించింది వెనక్కి తీయకూడదు. ఒకసారి పెట్టిన కథను, రాసినవాళ్ళైనా సరే, తీసేయడానికి వీల్లేదు. మరీ దిద్దాలనుకుంటే అందరి ముందూ పాత కథను పైకి చదివి, అందరి చేతా ఒప్పించుకోవాలి. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా రిటైరైన గ్రూపు పెద్ద నిత్యానందంగారు ఇచ్చిన టిక్కెట్టును వెనక్కి తీసుకునే మనిషి కాదు.

సిల్వియాకు మాత్రం ఆ కథ దిద్ది తీరాలి. గౌరి వెనక్కి రాకూడదు. ఆ కథ కింద తన పేరుంది. రేపు బ్లాగులో ప్రపంచమంతా చదువుతుంది, పళ్ళెం విసిరినవాడి ఇంటికి గౌరిని మళ్ళీ పంపింది ఈవిడేనని. ఆ సంగతి తలుచుకుంటేనే ఒళ్ళు మండేది. తను మొగుడు నెల్సన్ ఇంట్లోంచి బయటికొచ్చి, పవరుపేటలో ఒక గది అద్దెకు తీసుకుని అప్పటికి మూడు నెలలు. ఈ సంగతి గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేమిటి? వాళ్ళకు గౌరి చాలు కదా.

నిత్యానందంగారి వరండాలో అప్పటికే ముదినేపల్లి నుంచి బుల్లిరాజు వచ్చి కూర్చున్నాడు. చేపల చెరువుల మనిషి. కథల్లో ప్రేమ, కన్నీళ్ళు ఏమైనా కానీ అతనికి పట్టదు. కొల్లేరు తప్పు రాస్తే మాత్రం ఊరుకోడు. పక్కనే వీరరాఘవమ్మగారు, ఒళ్ళో జంతికల డబ్బా.

"రా అమ్మా. మీవారు రాలేదా?" అంది ఆవిడ.

ప్రతిసారీ ఇదే ప్రశ్న. "రాలేదండీ," అంది సిల్వియా, పళ్ళు బిగించి.

"తీసుకురావాలమ్మా. మొగవాళ్ళు మనం పిలిస్తే గాని రారు. మన చలపతి చూడు, ఎంత మారాడో!"

సిల్వియాకు జంతికల డబ్బా లాక్కుని రోడ్డు మీదికి విసరాలనిపించింది. ఆ చలపతిని మార్చింది ఈవిడే. కథ కథకూ కాస్త కాస్త మారుస్తూ, చివరికి పెళ్ళాం కాళ్ళకు చన్నీళ్ళు పోసేదాకా తెచ్చింది. చదివినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. సిల్వియా మాత్రం ఆరేళ్ళుగా ఆ కథలు చదువుతూ లోలోపల ఉడుకుతూనే ఉంది.

నిత్యానందంగారు కళ్ళజోడు సవరించుకుని ప్రింటు తీసిన కాగితాలు విప్పారు. సిల్వియా తల దించుకుంది. సిగ్గుతో ఆరేళ్ళుగా ఆ కథ మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు దాన్ని ఇంకొకరి గొంతులో వినాల్సి రావడం గోరుచుట్టు మీద రోకటిపోటు.

"గౌరి రేవులో దిగి చెరువు గట్టు వెంట నడిచింది," అని చదివారాయన.

"ఆగండాగండి," అన్నాడు బుల్లిరాజు. "ఏ గట్టండీ? ఆ చేపల చెరువులన్నీ రెండేళ్ళ కిందట సర్కారువాళ్ళు కొట్టేశారు కదండీ. గట్టెక్కడుందీ?"

"రాసినప్పుడు ఉందండీ," అంది సిల్వియా.

"ఇప్పుడు చదివేవాడికి లేదు కదండీ. పోనీ ఆవిడ వచ్చింది వేసవిలో అంటున్నారు. వేసవిలో అక్కడ మోకాలి లోతు కూడా ఉండదు. పడవెలా వచ్చిందంటారు?"

"భుజాన మోసుకొచ్చింది! చదవనివ్వండి బాబూ!" అంది సిల్వియా.

బుల్లిరాజు నొచ్చుకుని కాఫీ గ్లాసు అందుకున్నాడు. నిత్యానందంగారు చదువుతూ పోయారు. గౌరి ఇంటి ముందుకొచ్చింది. పెట్టె అరుగు మీద దింపింది. అత్తగారు తలుపు తీసి, ఏమీ అడగకుండా చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. గౌరి నీళ్ళు తాగింది. చెంబు కింద పెట్టింది. పొద్దు వాలుతోంది.

ఆయన ఆగారు.

"తర్వాత?" అంది సిల్వియా.

"అంతేనమ్మా. కింద నీ పేరు."

"అంతే ఏమిటండీ? లోపలికి వెళ్ళలేదా? కాగితం ఎక్కడో పడిపోయుంటుంది, చూడండి."

"నా దగ్గర కాగితం పడిపోవడమేమిటమ్మా!" ఆయనకు కోపమొచ్చింది. కాగితాలు ఆమె చేతిలో పెట్టారు. సిల్వియా చివరి పేజీ చదివింది, మళ్ళీ చదివింది. గౌరి అరుగు దగ్గరే ఉంది. తలుపు తీసే ఉంది. గడప దాటినట్టు ఒక్క ముక్క లేదు. తర్వాతి కథ తీసి చూస్తే, వీరరాఘవమ్మగారిది, మొదటి వాక్యంలోనే గౌరి వంటింట్లో పొయ్యి రాజేస్తోంది.

"ఇదేంటండీ! మరి లోపలికెవరు తీసుకెళ్ళారు?" అన్నాడు బుల్లిరాజు.

"నువ్వు రాశావనుకున్నానమ్మా నేను," అన్నారు నిత్యానందంగారు.

"నేనూ అంతే," అంది వీరరాఘవమ్మగారు.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. అందరికంటే విడ్డూరం, రాసిన మనిషి కూడా తనే పంపాననుకుని ఆరేళ్ళు సిగ్గుపడింది. ఆ కథ రాసిన వారం సిల్వియాకు కళ్ళకు కట్టింది. అప్పుడు దెందులూరులో పుట్టింట్లో ఉంది. నెల్సన్ పళ్ళేలు విసిరే రకం కాదు. కోపమొస్తే నెలల తరబడి మాట్లాడడు, ఇంట్లో మనిషి ఉన్నట్టే చూడడు. చర్చి సంఘ పెద్దలొచ్చారు, ప్రార్థన చేశారు, కారెక్కించారు. నెల్సన్ ఇంటి ముందు ఆమె దిగి నిలబడింది. లోపలికి వెళ్ళాలో వద్దో ఇంకా తేల్చుకోనేలేదు. వెనకాల మేనమామ పెట్టె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. పెట్టె వెళ్ళింది కాబట్టి తనూ వెళ్ళింది.

"నేను పంపలేదండీ," అంది సిల్వియా. గొంతు పెద్దదైపోయింది. "మీరే తీసుకెళ్ళారు! ఆవిడ అక్కడ నిలబడి ఆలోచించుకుంటుంటే, ఒక్కరైనా ఆగారా? తెల్లారేసరికి పొయ్యి దగ్గర కూర్చోబెట్టేశారు! నన్నూ ఇలాగే పంపారండీ మా వాళ్ళు. ఆరేళ్ళున్నాను. ఇప్పుడొచ్చేశాను. మీవారు రాలేదా అని ఇంకెప్పుడూ అడక్కండి నన్ను!"

బుల్లిరాజు గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. తప్పు కనపడితే ఊరుకోలేని మనిషి కదా, ఉండలేక నెమ్మదిగా అడిగాడు. "మరి ఆ పిల్లలనీ బారసాలలనీ ఏం చేద్దామండీ? అమ్మగారి కథలన్నీ దీని మీదే కదండీ నిలబడ్డాయి."

ఇదిగో, మళ్ళీ మొదలు అనుకుంది సిల్వియా. విస్తరి, వడ్డన, కట్టుబాటు. ఇక లేచిపోదామని సంచీ అందుకుంది.

"గౌరిని అరుగు మీదే ఉండనివ్వండి," అంది వీరరాఘవమ్మగారు. "నా కథల్లో ఆ పేరు కొట్టేసి నా పేరు పెట్టండి, నిత్యానందంగారూ."

"మీ పేరెందుకండీ?"

"లోపలున్నది గౌరి కాదండీ. నేను." ఆవిడ ఒళ్ళోని డబ్బా మూత పెట్టింది. సరిగ్గా పడలేదు, మళ్ళీ నొక్కింది. "పొయ్యి మాది. పిల్లలు నా పిల్లలు. చలపతి మారాడని రాశాను గానీ, మావారు పోయేదాకా మారలేదండీ. కనీసం అక్కడైనా మారాలి కదా అని రాసుకున్నాను. నువ్వు తలుపు తీసి పెట్టావు కదమ్మా, గౌరి వెళ్ళిందో లేదో చూడలేదు. నేను వెళ్ళిపోయాను."

"నలుగురూ చదువుతారండీ," అన్నారు నిత్యానందంగారు, ఇబ్బందిగా.

"చదవనివ్వండి. ఎంతకాలమని మావారిని నేనే కాచుకు రానూ!"

ఈ మనిషి మీద ఆరేళ్ళు పళ్ళు నూరింది సిల్వియా. ఇప్పుడా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచీ వదిలేసి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

"పేరు మార్చొద్దండీ," అంది. "మీరు కూడా ఆ ఇంట్లోంచి బయటికి రండి. ఆ కథ నేను రాస్తాను."

వీరరాఘవమ్మగారు ఆమె వంక చూసి, "ఇప్పుడా?" అంది. నవ్వబోయింది గానీ ఏడుపొచ్చేసింది.