సాయమ్మ మడి నల్లమట్టి

నేను ఒక గాజు సీసాను. మూతి వెడల్పు, మూత నీలం. కొలిమిలోంచి బయటపడ్డ రోజున ఏ ఆవకాయో పెడతారని ఆశపడ్డాను. విశ్వవిద్యాలయం వాళ్లు కొన్నారు. మూడేళ్లు స్టోరు గదిలో పడున్నాను, రెండేళ్లు ఒక లెక్చరరుగారి బల్ల మీద గుండుసూదులు మోశాను.

ఆ తర్వాత వినోదిని చేతికి వచ్చాను. ఆమె పరిశోధన విద్యార్థిని. లోహాలు ఎప్పుడు మట్టిని అంటుకుని ఉంటాయో, ఎప్పుడు నీళ్లలో కలుస్తాయో కంప్యూటరులో లెక్క కట్టడం ఆమె పని. నన్ను శుభ్రంగా కడిగి సాయమ్మ మడికి తీసుకుపోయింది.

ఏదో ఫ్యాక్టరీ వదిలిన నీళ్లతో ఆ మడిలో ఆర్సెనిక్ చేరింది. లోహాలకు దగ్గరి చుట్టమైన విషం అది. ఏడాదిగా మడిని బీడు పెట్టిన సాయమ్మ, వానలకు అది నిండేసరికి మనసు ఆపుకోలేక పక్కచేలో నారు పోసింది.

"గిండ్ల వరి ఏస్తే మనుమలకు తినవెట్టొచ్చా బిడ్డా? గదొక్కటి చెప్పు," అంది.

వినోదిని బురదలోకి దిగి, నీళ్ల కిందే నన్ను అంచుదాకా మట్టితో నింపి, ఒక్క గాలి బుడగ కూడా లేకుండా మూత బిగించింది. ఇంకొంత మట్టిని సంచిలో వేసుకుంది.

అప్పటి నుంచి నేను బందీని. ఫ్రిజ్‌లో ఎవరిదో పెరుగన్నం డబ్బా వెనక చీకటి, చలి. వినోదిని కూడా నన్ను మరిచిపోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

సంచిలో మట్టికి మాత్రం రాజభోగం. ల్యాబు ఆచారం ప్రకారం దాన్ని పాత పేపరు మీద పరిచి, నీడన ఆరబెట్టి, నూరి, జల్లెడ పట్టారు. ఏ మట్టి వచ్చినా అక్కడ ఇదే మర్యాద. గాలి తగిలి అందులోని ఇనుము తుప్పు పట్టింది. తుప్పు ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టుకుంది. ఆ అంకెలు చూసి కంప్యూటరు, విషం నీళ్లలోకి రాదని తేల్చేసింది. గైడు దశరథరామయ్యగారు సంతకం పెట్టేశారు. వరి నిలవ నీళ్లలో పెరుగుతుందని ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. అందరూ మధ్యాహ్నం అన్నమే తిన్నారు కూడా.

నా లోపల సంగతి వేరు. గాలి లేక తుప్పు కరిగిపోయింది, ఆర్సెనిక్ విడిపోయి నీళ్లలో తిరుగుతోంది. ఎవరైనా మూత తీస్తే బాగుండునని రోజూ అనుకునేదాన్ని. కానీ తీస్తే గాలి దూరుతుంది, కాసేపటికి నేనూ ఆ సంచి మట్టి చెప్పిందే చెబుతాను. నిజం చెప్పాలంటే బందీగానే ఉండాలి. ఏం బతుకో నాది!

ఫలితం కోసం సాయమ్మే ల్యాబుకు వచ్చింది. వినోదిని ట్రేలోని ఎర్రటి పొడి చూపించి, "భయం లేదమ్మా, వరి పెట్టుకోవచ్చు," అంది.

సాయమ్మ ఆ పొడిని వేళ్లతో నలిపి చూసింది. "ఇది నా మడి మట్టి గాదు బిడ్డా. నాది నల్లగుంటది, కంపు కొడతది."

వినోదినికి అప్పుడు నేను గుర్తొచ్చాను. గబగబా వెళ్లి పెరుగన్నం డబ్బా పక్కకు నెట్టి నన్ను వెలుగులోకి తీసింది. నల్లగా ఉన్నాను. మూత మీదికి వెళ్లిన ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సాయమ్మను రెండు రోజులు ఆగమంది. గాలి తీసేసి, తుప్పు పట్టనివ్వని నత్రజని నింపిన పెద్ద సంచిలో పెట్టి నన్ను తెరిచింది. కొంచెం నీళ్లు తీసుకుని, ఆ సంచిలోనే మళ్లీ మూసింది. కొత్త అంకెలు అందగానే కంప్యూటరు మాట మార్చింది.

"వరి వద్దమ్మా. మడిలో నీళ్లు తీసేసి ఆరుతడి పంట వేస్తే విషం మట్టిని వదలదు," అని వినోదిని తల దించుకుని చెప్పింది.

సాయమ్మ నా వైపు చూసింది. "నారు జానెడు లేచింది," అంది. "పీకేస్త. జొన్నలేస్త."

వెళ్తూ వెళ్తూ నా మూత మీద అరచెయ్యి పెట్టింది. "దీన్ని గట్టిగ మూసి పెట్టు బిడ్డా. మళ్ల ఎవలన్న వచ్చి వరి ఏస్కొమ్మంటే సూపెట్టాలె."

ఇప్పటికీ అదే ఫ్రిజ్‌లో ఉన్నాను. ఎవరైనా పెరుగన్నం కోసం తలుపు తీసినప్పుడల్లా, నా మూత మీద చెయ్యి వేస్తారేమోనని భయపడుతున్నాను.