నూలగడ్డల కూలి

సైదాబీ గట్టు మీద నిలబడి, “గురవమ్మా, మీ గూడెం నుంచి ఫోను” అని కేకేసేసరికి గురవమ్మ సాలు మధ్యలో వంగి మిరపకాయలు కోస్తోంది. ఒడిలోని కాయలు అలాగే పట్టుకుని గట్టు దాకా పరుగెత్తింది. ఆమె చేతులకు ఘాటు అంటుకుని ఉంది కాబట్టి సైదాబీయే ఫోను చెవి దగ్గర పెట్టింది.

“గురవా, నేను లింగమయ్య తాతని. గుట్టెక్కి మాట్లాడుతున్నా. మన వంటశాల పొయ్యి వెలగలేదే. బియ్యం రాలేదు. డబ్బులు ఆపేశారంట. మీ పాప...”

అంతే. కాసేపు గరగరమని, తర్వాత ఏమీ వినపడలేదు. సైదాబీ అదే నంబరుకు మళ్లీ మళ్లీ చేసింది. అందుబాటులో లేదని ఒకటే మాట. గూడెంలో సిగ్నల్ దొరకాలంటే గుట్ట ఎక్కాలి. ముసలాయన ఈపాటికి దిగిపోయి ఉంటాడు. గురవమ్మ కాయలు బుట్టలో పోసి గట్టు మీద కూలబడింది. మీ పాప అని ఆగిపోయిన ఆ మాటకు అవతల ఏముందో ఆమెకు అంతుపట్టలేదు.

వాళ్లది దోర్నాల పైన, నల్లమలలో చెంచుల గూడెం. ఏటా మిరప కోతలు మొదలవగానే మేస్త్రీ లారీ తీసుకుని వచ్చేవాడు. వయసులో ఉన్నవాళ్లంతా ఎక్కి గుంటూరు వైపు చేలకు దిగేవాళ్లు. పిల్లల్ని కూడా వెంట తెచ్చుకునేవాళ్లు, గూడెంలో ముసలివాళ్లకే తిండి సరిగా ఉండదు కదా, ఇంక పిల్లల్నెవరు చూస్తారు. నిరుడు ఇదే ఊళ్లో, చేను పక్కన వేసుకున్న పట్టా గుడారంలో, గురవమ్మ కూతురు అంకి కల్లంలో ఎండబోసిన కాయలతో ఆడుకుని ఆ చేతులతోనే కళ్లు నులుముకుంది. ఏడుపు ఆగాక దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వేసవి దాకా పిల్లను వదల్లేదు. మళ్లీ ఏడాది పిల్లను తీసుకురాకూడదని గురవమ్మ అప్పుడే అనుకుంది. కానీ ఎక్కడ వదలాలో తెలియలేదు.

దసరా అయ్యాక ఒంగోలు నుంచి శ్యామ్ సుందర్ వచ్చాడు. ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే మనిషి. అంతకుముందు రెండు మూడుసార్లు గూడేనికి వచ్చి ఊరికే కూర్చుని మాట్లాడి వెళ్లినవాడే. ఈసారి ఒక సంగతి మోసుకొచ్చాడు. గూడెంలో అందరికీ ఒకే పొయ్యి పెడితే, పిల్లలకూ ముసలివాళ్లకూ రోజూ అక్కడే వండిపెడితే, దానికి సాయం చేసే సంస్థ ఒకటి ఉందట. బియ్యం పప్పు కొనటానికి డబ్బులిస్తుంది. అంతకంటే వింత ఏమిటంటే, ఆ పొయ్యి కోసం అడివిలో గడ్డలు తవ్వి తెచ్చినవాళ్లకు, తేనె తీసినవాళ్లకు, చింతకాయ రాల్చినవాళ్లకు కూలి కూడా ఇస్తుంది.

“అడివికి పోతే కూలి ఎవరిస్తారయ్యా?” అని గురవమ్మ మొగుడు బయ్యన్న నవ్వాడు.

ఆయనే కాదు, చాలామంది నవ్వారు. నవ్వనిది గురవమ్మ అత్త ఈదమ్మ ఒక్కతే. “ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు. గడ్డలైతే ఉంటాయి గదా” అంది. వంటశాల లేచింది. పొయ్యి వెలిగింది. సంక్రాంతి దాటాక లారీ వచ్చినప్పుడు గురవమ్మ మొదటిసారి పిల్లను అత్త దగ్గర వదిలి ఎక్కింది. లారీ మలుపు తిరిగేదాకా అంకి ఏడవలేదు. అందుకే గురవమ్మకు ఏడుపొచ్చింది.

ఇప్పుడా పొయ్యి ఆగిపోయింది. అత్తకు వయసైంది. తన తిండే తను చూసుకోలేని మనిషి మీద పిల్లను వదిలొచ్చానని గురవమ్మ తనను తనే తిట్టుకుంది.

బయ్యన్న సాలు చివర్నుంచి వచ్చి విన్నాడు. “రేపు మళ్లీ ఫోను చేస్తాడులే. చూసి పోదాం.”

“రేపటిదాకా నేనాగలేను మావా.”

“కోతలు సగంలో ఉన్నయ్. ఇద్దరం పోతే ఎట్టా?”

“నువ్వుండు. నేను పోతా.”

ఇద్దరూ సైదాబీ వైపు చూశారు. చేను ఆమెది, ఆమె భర్త మాబుది. పండిన కాయ చెట్టు మీద ఆగదు, ఎండ ముదిరితే తెల్లబారి తాలుకాయ అవుతుంది. ఒక్క మనిషి తగ్గినా ఆమెకు ఇబ్బందే. సైదాబీ చేను వైపు ఒకసారి చూసింది.

“ఆ తాత మాట సగంలో ఆగిపోయిందే, నాకే మనసు నిలవట్లేదు” అంది చివరికి. “నువ్విక్కడున్నా కాయ కోస్తావా, ఏడుస్తావా? పోయిరా. మాబు సత్తెనపల్లి పోతున్నాడు, ట్రాలీలో దింపుతాడు.”

వెళ్లేముందు రొట్టెలు, గోంగూర పచ్చడి కట్టి ఇచ్చింది. చేతులకు నూనె రాసుకుని కడుక్కోమని, లేకపోతే పిల్లను ముట్టుకుంటే మండుతుందని చెప్పింది. గురవమ్మ పంపు దగ్గర నిలబడి నూనె రాస్తూ కడిగింది, కడుగుతూ రాసింది.

సత్తెనపల్లిలో బస్సెక్కి నరసరావుపేటలో దిగి, శ్రీశైలం పోయే బస్సు పట్టుకుంది. కిటికీ పక్కన చోటు దొరికింది. దారంతా పత్తి తీసేసిన మోడులు, కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు. వినుకొండ దాటాక నేల రంగు మారింది. సైదాబీ రొట్టెలు ఒడిలోనే ఉన్నాయి, తినాలనిపించలేదు. మీ పాపకు జ్వరం అనబోయాడా. మీ పాప ఆకలికి అనబోయాడా. ఒక్కొక్క మాటా అతికించి చూసుకుంటుంటే ఏ మాటా మంచిగా రాలేదు. పక్కనున్న పెద్దామె, “ఎవరికి బాలేదమ్మా?” అని అడిగితే, “తెలవదమ్మా” అని చెప్పి ముఖం తిప్పుకుంది.

దోర్నాలలో దిగి ఆటో ఎక్కి, ఆటో ఆగిపోయిన చోటి నుంచి నడిచింది. గూడెం చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. నేరుగా వంటశాలకు పోయింది. రేకుల కప్పు కింద పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. పిల్లల అలికిడి లేదు. ఇళ్ల దగ్గర కూడా ఎవరూ లేరు. కుక్కలు కూడా లేవు.

వంటశాల వెనక లింగమయ్య తాత ఒక్కడే కట్టెలు పేరుస్తున్నాడు. ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు.

“నువ్వెందుకొచ్చినవే?”

“అంకి ఏది తాతా?”

“అదే గదా నీకు చెప్పబోయింది. మీ పాప కూడా గడ్డలకు పోయింది, నువ్వు దిగులుపడొద్దు అని. ఫోను చచ్చింది.”

గురవమ్మ అక్కడే కూర్చుంది. తాత మంచినీళ్లు తెచ్చిచ్చి, నెమ్మదిగా జరిగింది చెప్పాడు. బియ్యం అయిపోయాయని, పైనుంచి డబ్బులు ఆగాయని శ్యామ్ సుందర్ వచ్చి చెప్పిన రోజు పొయ్యి నిజంగానే వెలగలేదు. వంట చేసే ఆడవాళ్లు గిన్నెలు బోర్లించి ఇళ్లకు పోబోయారు. ఈదమ్మ అడ్డం నిలబడింది. బియ్యం ఆగితే అడివి ఆగిందా అని అడిగింది. మర్నాడు పొద్దున్నే గునపం తీసుకుని బయల్దేరింది. ఆమె వెనక మిగతా ముసలివాళ్లు, వాళ్ల వెనక పిల్లలు.

“ఆమెకు నడుములు పనిచేయవు గదా తాతా.”

“చేయవు. చోటు చూపిస్తది. తవ్వేది మిగతావాళ్లు.”

పాప బాగానే ఉందని తెలిసినా గురవమ్మకు కుదురు లేదు. అడివిలో ఎలుగులు తిరిగే కాలం. వాగు దాకా పోయి చూసింది, మళ్లీ వచ్చింది. చెట్ల నీడలు పొడుగయ్యాక ముందు కుక్కలు వచ్చాయి. తర్వాత మాటలు వినపడ్డాయి. బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు, గునపాలు భుజాన వేసుకుని ఇద్దరు ముసలివాళ్లు, మధ్యలో కర్ర పట్టుకుని ఈదమ్మ. అంకి మోకాళ్ల దాకా మట్టి. కొంగు చివర మూట కట్టుకున్నట్టు గౌను అంచులో ఏదో పట్టుకుని నడుస్తోంది.

తల్లిని చూసి పరుగెత్తుకు రాలేదు. గౌనులోవి పడిపోతాయని జాగ్రత్తగా నడిచొచ్చింది.

“అమ్మా, ఇది నేను తవ్వింది. నూలగడ్డ. తీగ తల మళ్లీ మట్టిలో పెట్టినా. మళ్లీ ఊరుతదంట.”

గురవమ్మ పిల్లను గడ్డలతో సహా ఎత్తుకుంది. నుదురు తడిమింది, చల్లగా ఉంది. దగ్గు లేదు. పొట్ట తడిమింది. అంకి చక్కిలిగిలి పెట్టొద్దని గింజుకుంది. అప్పుడు గురవమ్మకు పొద్దుటినుంచి తిననిది గుర్తొచ్చి, అక్కడే నిలబడి సైదాబీ కట్టిన రొట్టె విప్పి కూతురికి ఒక ముక్క, తనకో ముక్క పెట్టుకుంది.

“కారం లేదు గదా?” అంది అంకి.

“లేదు.”

ఈదమ్మ కోడలి వైపు చూసి, “అక్కడ కూలి పోగొట్టుకుని వచ్చినవా?” అంది.

“భయమేసింది అత్తా.”

“భయపడేదానికి నేను లేనా” అంది ఈదమ్మ. కోపంగా అనలేదు. పొయ్యి దగ్గరకు పోయి కూర్చుంది. ఆ సాయంత్రం ఉడికిన గడ్డలు, చింతచిగురు పులుసు. పిల్లలు వేళ్లు నాక్కున్నారు. అన్నం లేదేమని ఇద్దరు ముగ్గురు అడిగారు, అడిగి తిన్నారు.

మర్నాటి నుంచి గురవమ్మ కూడా గునపం పట్టింది. చిన్నప్పుడు చేసిన పని చేతులు మరిచిపోలేదు. అయితే గడ్డలతో ఎన్నాళ్లో నెట్టుకురాలేమని అందరికీ తెలుసు. రోజూ ఇంకొంచెం దూరం పోవాల్సి వస్తోంది, ముసలివాళ్లు అలిసిపోతున్నారు. ఈదమ్మ ఆ మాట పైకి అనలేదు. పడుకునేటప్పుడు మాత్రం కాళ్లు చాపి అబ్బా అనుకునేది.

ఆ వారంలోనే శ్యామ్ సుందర్ జీపులో వచ్చాడు. వెంట రాజేశ్వరి గారని ఒకావిడ. డబ్బులిచ్చే సంస్థ తరఫున గూడేలు చూసి ఇవ్వాలో వద్దో చెప్పేది ఆవిడే. వంటశాలలో చాప మీద కూర్చుని, ఏమీ దాచకుండా మాట్లాడింది.

“బియ్యం పప్పుల దగ్గర ఎవరికీ పేచీ లేదమ్మా. మీరు తెచ్చుకునే గడ్డలకు కూలి దగ్గరే వచ్చింది. వాళ్ల తిండి వాళ్లు తెచ్చుకుంటే కూలి ఎందుకు అని మావాళ్లు అడుగుతున్నారు. అది తేలేదాకా మొత్తం ఆపారు. నేను ఇవ్వాలనే చెప్పాను. కానీ వాళ్లకు నచ్చేలా చెప్పలేకపోయాను.”

అందరూ ఈదమ్మ వైపు చూశారు. ఈదమ్మ గురవమ్మ వైపు చూసింది.

గురవమ్మ చాప దగ్గరికి జరిగి మొదలుపెట్టింది. “మేడం, నేను నిన్నమొన్నటిదాకా సత్తెనపల్లి కాడ మిరపకాయలు కోసినా. ఆ కాయలు నేను తిననండి. సైదాబీ గారివి. అందుకే కూలిస్తరు. మా అత్త తెచ్చిన గడ్డలు కూడా మా ఇంట్లోకి రావు. ఈ పొయ్యి మీదికి వస్తయి. ఇక్కడ తినే పిల్లల్లో మా ఇంటి పిల్ల ఒక్కతే. మిగతావాళ్లంతా మాలాగే చేలకు పోయిన వేరేవాళ్ల పిల్లలు. మా ఇంటికి తవ్వుకుంటే మాకు కూలి వద్దండి. అందరికీ తవ్వితే ఇయ్యాలండి.”

రాజేశ్వరి, “ఇంకోసారి చెప్పమ్మా, ఇలాగే” అంది. గురవమ్మ చెప్పింది. ఆవిడ అక్కడే తింది. గడ్డ తొక్క తీయటం రాక అంకిని అడిగింది. జీపు ఎక్కేముందు ఈదమ్మతో, “నేను మాటివ్వలేనండి. కానీ ఈసారి చెప్పటానికి నా దగ్గర మాటుంది” అంది.

జీపు పోయాక ఎవరూ పెద్దగా ఆశపడలేదు. గూడెం వాళ్లు జీపులు చాలా చూశారు. మళ్లీ అడివికి పోయారు. ఒకరోజు వాగు దాటి గడ్డలతో వస్తుంటే వంటశాల ముందు ట్రాలీ ఆగి ఉంది. శ్యామ్ సుందర్ చొక్కా అంతా బియ్యపు పొడితో బస్తాలు దింపుతున్నాడు.

“వచ్చిందమ్మా” అన్నాడు ఈదమ్మను చూసి. “కూలి కూడా. ఆగినన్నాళ్లు తవ్విన దానికి కూడా ఇస్తారంట.”

ఈదమ్మ కర్ర పక్కన పెట్టి బస్తా మీదే కూర్చుంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని అలుపంతా ఆమె ముఖంలో అప్పుడు కనపడింది. గురవమ్మ వెళ్లి ఆమె కాళ్లు ఒత్తింది. “ఆగు, ముందు పొయ్యి చూడు” అని ఈదమ్మ కసిరింది గానీ కాళ్లు వెనక్కు తీసుకోలేదు.

మర్నాడు పొద్దున గురవమ్మ తాత ఫోను తీసుకుని గుట్టెక్కి సైదాబీకి చేసింది. సైదాబీ చేలోకి నడుస్తూ వినింది, పాప బాగుందని చెప్పిన రోజు నుంచీ మళ్లీ ఒక్క మాటా లేదని కాస్త నిష్ఠూరమాడింది, తర్వాత సంగతి చెప్పి ఫోను బయ్యన్నకు ఇచ్చింది.

“నిజంగా ఇచ్చారా?” అన్నాడు బయ్యన్న.

“ఇచ్చారు మావా.”

“అడివికి పోయినందుకా?”

“అడివికి పోయినందుకే.”

ఆయన ఈసారి నవ్వలేదు. కోతలు ఇంకొన్నాళ్లున్నాయని, పూర్తిచేసే వస్తానని, సైదాబీకి మనుషుల కరువుందని చెప్పాడు. గురవమ్మ సరేనంది. ఇంతలో పక్కన నిలబడ్డ అంకి ఫోను లాక్కుని, తను తవ్విన గడ్డ ఎంత పొడుగుందో నాన్నకు చెప్పటం మొదలుపెట్టింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చెయ్యి ఆయనకు కనపడుతుందన్నట్టే చాపి చూపిస్తోంది. గురవమ్మ బండ మీద కూర్చుని ఆ మాటలు వింటూ ఉంది. దిగాలన్న తొందర ఆమెకు లేదు.