కొత్త గోడకు మసి

“గోడలకి బాగా మసి పట్టాలి. నీకు చేతనైన పనే కదా,” అన్నాడు మా ఆయన. కిరోసిన్ స్టవ్ తెప్పించి నా కొత్త గదిలో పెట్టించాడు.

నా గదే. ఇన్నేళ్లూ మంచం చివర మిషన్ పెట్టుకుని, ఆయన కాలికి తగలకుండా గుడ్డముక్కలు ఏరేసుకుంటూ వీధిలోవాళ్ల బట్టలన్నీ కుట్టాను. ఆ కుట్టుకూలితోనే ఇటుకలొచ్చాయి. ఇంటి వెనక ఒక గది, వెలుతురొచ్చే కిటికీ, గుడ్డ పరిచి కత్తిరించుకోవడానికి ఒక బల్ల. ఇంతకంటే నేను ఏమీ అడగలేదు. గది లేచాక పన్ను గొడవ మొదలైంది. ఉన్న గదిని బాగుచేయించుకుంటే పన్ను తక్కువట. కొత్త గది వేసి ఇల్లు పెంచితే పూర్తి పన్నట. మేస్త్రీ బుర్ర గోక్కుని ఉపాయం చెప్పాడు.

“పాత వంటగదే సార్, బాగుచేయించాం అనండి. తనిఖీకొచ్చేవాళ్లు చూసేది పొయ్యీ మసీ. అంతే!”

అసలు వంటగదిలో విరిగిన కుర్చీలు పడేసి దానికి సామాన్ల గది అని పేరు పెట్టారు. నేను కొత్త గది కిటికీ మూసి, స్టవ్ వత్తులు పైకి లాగి, దగ్గుకుంటూ వండాను. జిడ్డుచేతులు గోడకి రాయమంది అత్తయ్య.

“అక్కడ కాదే, పొయ్యి వెనక! ఇన్నేళ్లు వండావు, జిడ్డెక్కడ పడుతుందో తెలీదూ?”

తెలియకేం? అది గీకీ గీకీ నా గోళ్లు అరిగిపోయాయి. ఇల్లు అద్దంలా ఉంచినన్నాళ్లూ నా పని వైపు ఒక్కరూ కన్నెత్తి చూడలేదు. గోడ పాడుచేస్తుంటే మాత్రం అందరూ గుమ్మంలో నిలబడి చూశారు.

“తనిఖీ అయ్యాక స్టవ్ తీసేద్దామా?” అని అడిగాను.

“మళ్లీ వస్తే? ఉండనీ. వంటగది పెద్దదైంది, సంతోషించు.”

“మరి నా మిషన్?”

“మంచం దగ్గరుంటే ఏం, కరుస్తోందా?” అన్నాడు. అత్తయ్య కిసుక్కున నవ్వింది.

తనిఖీ అధికారి వచ్చాడు. గోడ మీద వేలు రాసి మసి చూసుకున్నాడు.

“మా అమ్మ కాపురానికొచ్చినప్పటి నుంచీ ఇదే వంటగదండీ,” అన్నాడు మా ఆయన.

అధికారి నా వైపు తిరిగాడు. “వండేది మీరే కదమ్మా? ఎన్నాళ్ల నుంచి ఇక్కడ వండుతున్నారు?”

నన్నొక మాట అడిగి, జవాబు కోసం ఆగిన మనిషిని ఈ ఇంట్లో చూడటం అదే మొదలు. మా ఆయన కళ్లురిమి చూశాడు. అత్తయ్య గొంతు సవరించుకుంది.

“సోమవారం నుంచి,” అన్నాను. “ఇది కొత్త గదండీ. నా కుట్టుపని కోసం కట్టింది. పూర్తి పన్ను రాసుకోండి.”

అధికారి గేటు దాటాడో లేదో మా ఆయన అరిచాడు. “కొంప ముంచావు కదే! ఆ తేడా ఎవడు కడతాడు?”

“నేనే. కుట్టి కడతాను.”

స్టవ్‌ని నేనొక్కదాన్నే మోసుకెళ్లి అసలు వంటగదిలో పెట్టాను. మిషన్ ఈడ్చుకుంటూ తెచ్చుకున్నాను. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

“మరి ఈ గోడలెవరు కడుగుతారే?” అంది అత్తయ్య.

బకెట్ నీళ్లు, పీచు తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఆయన బకెట్‌ని ఒక్క తన్ను తన్నాడు. నీళ్లు గదంతా పారాయి.

నేను తుడవలేదు. ఆ మసిగోడల మధ్యే, తడినేల మీదే కూర్చుని మిషన్‌కి దారం ఎక్కించాను.