గుమ్మం బయట మూడు ఉత్తరాలు

కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, అతను ఆ వారం తిప్పి పంపిన మెయిళ్ల జాబితా తెరిచాడు. ఇరవై రెండేళ్లుగా ఆఫీసు మెయిళ్లకు అతనే కాపలాదారు. బయటి నుంచి ఏ సర్వర్ వచ్చి తలుపు తట్టినా, అది చెప్పుకున్న పేరూ, దాని చిరునామాకు నమోదైన పేరూ ఒకటేనా అని చూస్తాడు. కాకపోతే బయటే. పోయిన వారం ఈ నియమం బిగించాక చెత్త మెయిళ్లు సగానికి సగం తగ్గాయి. ఆఫీసరు మెచ్చుకున్నాడు. ఇక మనవాడి కాళ్లు నేల మీద ఆనలేదు.

పదిహేడో వరుస దగ్గర వేలు ఆగిపోయింది. బావ సర్వర్. మూడు ఉత్తరాలు, తట్టీ తట్టీ తిరిగిపోతున్నాయి.

బావకు చెవులు వినపడవు, ఫోన్ పనికిరాదు. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాక ఏం చెప్పాలన్నా రాతే. ఆయన పుస్తకాల కొట్టుకు ఆ సర్వర్ పెట్టిచ్చింది ఇతనే. "పేరు రేపు నమోదు చేస్తాలే బావా" అన్నదీ ఇతనే. ఆ రేపు మూడేళ్లయినా రాలేదు. పైగా, రోజూ రాసే మనిషి వారంగా ఒక్క ముక్కా రాయలేదని అలిగి అటు వెళ్లడం మానేశాడు.

అప్పుడే లేచి వెళ్లాల్సింది. బస్సెక్కితే పది నిమిషాలు. కానీ ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? ఉత్తరాలు చదివి వెళ్తే కాస్త మాటుంటుంది కదా! ఇంత వయసొచ్చీ ఆ బుద్ధే పుట్టింది. ఎవరూ చూడకుండా బావ సర్వర్ పేరు నమోదు చేసి, అది మళ్లీ వచ్చి తట్టేదాకా అన్నం కూడా తినకుండా కూర్చున్నాడు.

మూడున్నరకు వచ్చాయి. మొదటిది పొడుగ్గా, నిండా వేళాకోళం. రెండోది రెండే పంక్తులు. మూడోది: "తీరికైతే ఒకసారి వచ్చి కూర్చోరా. మాట్లాడక్కర్లేదు, ఎలాగూ నాకు వినపడదు."

బ్యాగు అందుకుంటుంటే అక్క ఫోన్ చేసింది.

"మూడింటికి నిద్రలోనే పోయార్రా" అంది. "నీకు రాశానన్నారు. అందలేదా?"

"అందాయక్కా."

ఎప్పుడందాయో చెప్పకుండానే బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరాడు.

అతను వెళ్లేసరికి గదిలో ఇరుగుపొరుగంతా గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. మంచం పక్కన, తలగడకు బాగా దగ్గరగా, ఒక కుర్చీ వేసి ఉంది. దాని మీద పరిచిన దుప్పటి ఇంకా నలగలేదు.