లాభం, రెండు, మూడు

నేను ఒక మానికను. బియ్యం కొలిచే ఇత్తడి మానికను. నా మాటల్లో భక్తినీ వైరాగ్యాన్నీ ఆశించకండి. నేను బజారులో పెరిగినదాన్ని. లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది, మధ్యలో ఎంత ఒలికింది, ఇదే నాకు వచ్చిన విద్య. నా బతుకునూ ఆ పద్ధతిలోనే చెబుతాను.

వంశధార ఒడ్డున ఒక పల్లెలో కంచరి నన్ను చేశాడు. ఎవరివో పాత చెంబులు, పగిలిన పళ్లేలు, నాదం చచ్చిన ఒక గంట, అన్నీ కలిపి కరిగించాడు. కాబట్టి నేను పుట్టుకతోనే పాత సరుకును. నన్ను కొన్నది పొట్నూరి అచ్చియ్యమ్మ. మువ్వలరేవులో బియ్యం కొట్టు నడిపేది. రంగూన్ బియ్యం ఓడల్లో వచ్చి, అక్కడి నుంచి పడవల్లో ఒడ్డుకు చేరేది. అచ్చియ్యమ్మ కొట్టు ఆ ఒడ్డుకు ఎదురుగానే ఉండేది. ఆమె బియ్యం కొనేటప్పుడు బొటనవేలు నా బయట ఉండేది. అమ్మేటప్పుడు లోపలికి దిగేది. ఆ వేలి మీద నేను సాక్ష్యం చెప్పను. ఎంతైనా నన్ను రోజూ తోమి పెట్టిన చెయ్యి అది.

ఆ కొట్టులో నేను చేసిన అతి విచిత్రమైన బేరం ఒకటుంది. పడవవాడి పెళ్లాం పోలమ్మకు పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోయేవారు. మళ్లీ ఒక మగబిడ్డ పుట్టగానే చేటలో పడుకోబెట్టి తెచ్చి కొట్టు మెట్టు మీద పెట్టింది. అచ్చియ్యమ్మ నా నిండా తవుడు కొలిచి పోలమ్మ ఒడిలో పోసింది. చేటలోని బిడ్డను తీసుకుంది. "ఇయ్యాల్టి నుంచి ఈడు నావోడు. పాల కోసం నీ కాడ ఉంచుతున్నాను," అని మళ్లీ తల్లి చేతికే ఇచ్చింది. తవుడుకు కొన్న బిడ్డ కాబట్టి తవిటయ్య అని పేరు పెట్టారు.

ఆ పక్క ఊళ్లన్నిటా ఉన్న ఆచారమే ఇది. మృత్యువు విలువైన సరుకునే ఎత్తుకుపోతుందనీ, మానికెడు తవుడు ఖరీదు చేసేదాన్ని కన్నెత్తి చూడదనీ వాళ్ల నమ్మకం. మనుషులు మృత్యువును కూడా రేవులో సుంకం వసూలు చేసేవాడిలాగే ఊహించుకున్నారు. సరుకు ధర తగ్గించి చెబితే వదిలేస్తాడని.

వదిలేశాడు కూడా, కొంతకాలం. తవిటయ్య పెరిగి మా కొట్టులోనే కొలతకు కుదిరాడు. అప్పటికి కొట్టు అచ్చియ్యమ్మ కొడుకు పాపయ్య చేతికి వచ్చింది. తవిటయ్య అతన్ని, మా వైపు యజమానిని పిలిచినట్టు, బావూ అనేవాడు. అచ్చియ్యమ్మను అమ్మా అనేవాడు. కొన్న తల్లి కదా. అతని చేతిలో నేను బరువు తెలియకుండా తిరిగేదాన్ని. గొంతు బాగుండేది. మా బజారులో ఎవరూ కొలతను ఒకటితో మొదలుపెట్టరు. మొదటి మానికను "లాభం" అంటారు. తర్వాత రెండు, మూడు. ఆరు దాటాక ఏడు అనరు. ఏడవమన్నట్టు వినబడుతుందని "ఆరున్నొకటి" అంటారు. ఆ తర్వాత ఎనిమిది. తవిటయ్య "లాభం" అని సాగదీస్తే రేవులో మూటలు మోసే కళాసీలు కూడా శ్రుతి కలిపేవారు. వాళ్లలో అందరికంటే ముందు అందుకునేవాడు అసిరయ్య. మూట మోస్తూనే పాడే మనిషి. అతని పెళ్లాం గవరమ్మ మా కొట్టు పక్కనే ఎండుచేపలు అమ్మేది. "మోసేది బియ్యం, ఇంటికి తెచ్చేది పాట," అని మొగుణ్ణి దెప్పేది. తవిటయ్య ఆమెను వదినా అని పిలిచేవాడు. పండుగ పూట అతని అన్నం వాళ్లింట్లోనే.

అంతలో ఎక్కడో యుద్ధం మొదలైంది. ఓడలు తగ్గాయి, కొలవడానికి బియ్యం కరువైంది. తవిటయ్య సైన్యంలో చేరతానన్నాడు. పాపయ్య వద్దన్నాడు. పాపయ్యకు దేశభక్తి ఉపన్యాసాలు రావు, వర్తకుడి బుర్ర ఒక్కటే ఉంది. ఈ యుద్ధంలో గెలిచినా మనకు రాదు, ఓడినా మనది కాదు, అలాంటి బేరంలో ఒళ్లు పెట్టుబడి పెట్టేవాడు తెలివితక్కువవాడు అని అతని వాదన. తవిటయ్య అంతా విని, "యుద్ధం ఎవరిదైనా ఆకలి నాదే కదా బావూ," అన్నాడు.  పాపయ్య మంచి వర్తకుడు కాబట్టి బేరం అక్కడితో ఆపాడు.

తవిటయ్య ఎక్కడెక్కడో తిరిగి, చివరికి మువ్వలరేవుకే కాపలాకు వచ్చాడు. ఊరు మొదట సంబరపడింది. తర్వాత అతనితో వచ్చిన సామాను చూసి మాట్లాడటం మానేసింది. ఓడలు కాసే పెద్ద తుపాకులను రేవు పక్కన, బజారుకు ఆనించి నిలబెట్టారు. పాపయ్య గోదాములో పెట్రోలు పీపాలు నింపారు. పాపయ్య వెళ్లి ఆ దళం దొరను కలిశాడు. ఇసుకదిబ్బ మీద బోలెడు చోటు ఉందనీ, బజారు మధ్య తుపాకి పెడితే పైనుంచి చూసేవాడికి బజారంతా తుపాకిలాగే కనిపిస్తుందనీ చెప్పాడు. దొర మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. చోటు నిర్ణయించింది తాను కాదన్నాడు. ఆ నిర్ణయం చేసినవాళ్లు ఎవరూ ఎప్పుడూ మువ్వలరేవు చూడలేదు. తిరిగి వస్తూ పాపయ్య తవిటయ్యను నిలదీశాడు. తానూ పైవాడికి చెప్పాననీ, తనలాంటివాడి మాట భుజం ఎత్తు దాటి పైకి పోదనీ తవిటయ్య అన్నాడు.

సంత రోజున, పొద్దు బాగా ఎక్కాక, విమానాలు వచ్చాయి.

నాకు తెలిసింది చెబుతాను. శబ్దానికి కొట్టు పైకప్పు లేచిపోయింది. నేను బియ్యపు బస్తా వెనక్కి దొర్లిపోయాను. నా అంచున ఒక నొక్కు పడింది. గోదాము అంటుకుంది. పెట్రోలు మండితే వచ్చే మంట వంటింటి మంటలా ఉండదు, దానికి ఆకారం ఉండదు. అప్పుడు బజారంతా రేవు నుంచి ఊరివైపు పరిగెత్తింది. ఊరివైపు నుంచి గోదాము వైపు పరిగెత్తినవాళ్లు సిపాయిలు మాత్రమే. తవిటయ్య లోపలికి వెళ్లాడు. ఎవరినో భుజాన వేసుకుని వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఒక ముసలమ్మనూ ఇద్దరు కళాసీలనూ ప్రాణాలతో తెచ్చాడు. అసిరయ్యను తెచ్చేసరికి అసిరయ్య లేడు. తవిటయ్య చేతులు మోచేతుల దాకా ఉడికిపోయాయి. ఈ మాట చెప్పకుండా తర్వాతి మాట చెబితే అది దొంగ కొలత అవుతుంది.

శవాలను మా కొట్టు ముందు ఖాళీ గోనెసంచుల మీద వరసగా పడుకోబెట్టారు. మొదటివాడు అసిరయ్య. దొర వచ్చాడు. అతని ముఖం బూడిద రంగులో ఉంది. ఎంతమందో గట్టిగా లెక్కపెట్టమని తవిటయ్యకు ఆజ్ఞ ఇచ్చాడు. తవిటయ్య వరస మొదట నిలబడ్డాడు. కాలిన చెయ్యి ముందుకు చాచాడు. కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఆ నోరు ఏళ్ల తరబడి ఆ చోటే నిలబడి ఒక్క తీరుగానే లెక్క మొదలుపెట్టిన నోరు.

"లాభం," అన్నాడు.

నేను బస్తా వెనక నుంచి విన్నాను. బజారంతా విన్నది. అసిరయ్య తల దగ్గర కూర్చున్న గవరమ్మ ముఖం ఎత్తింది. కేక పెట్టలేదు.

"ఒరే తవిటిగా, నా మొగుడు నీకు లాబవేట్రా?"

 ఆ తర్వాతి అంకె తవిటయ్యకు రాలేదు. దొరకు తెలుగు రాదు, ఎందుకు ఆగాడో అర్థం కాక మళ్లీ ఆజ్ఞ ఇచ్చాడు. అప్పుడు పాపయ్య అరుగు దిగి వచ్చి తవిటయ్యను పక్కకు జరిపాడు. అసిరయ్య ముందు నిలబడి, "ఒకటి," అన్నాడు. నాకు తెలిసినంతలో ఆ ఇంటివాళ్లు లెక్కను ఆ మాటతో మొదలుపెట్టడం అదే మొదలు. రెండు, మూడు. వరసలో తర్వాత ఒక సిపాయి ఉన్నాడు. తుపాకి దగ్గరే పోయాడు. ఏ దేశపు పిల్లాడో, మీసాలు ఇంకా సరిగా రాలేదు. వెనక నుంచి ఎవరో, వాణ్ణి మనవాళ్లలో కలపకు సావుకారూ, వాళ్ల మూలానే కదా ఇదంతా, అన్నారు. పాపయ్య వెనక్కి తిరిగాడు.

"తుపాకి ఇక్కడ పెట్టమని ఈడు అడిగేడా? అసిరయ్య అడిగేడా? ఇద్దరూ అడగలేదు. ఇద్దరూ ఒక్క వరసే," అని, "నాలుగు," అన్నాడు.

ఐదు, ఆరు. తర్వాత ఆరున్నొకటి అనకుండా, "ఏడు," అన్నాడు. ఆ మాటను ఎవరూ ఆజ్ఞగా తీసుకోలేదు. అప్పటికే అందరూ ఏడుస్తున్నారు. వరస అక్కడితో అయిపోలేదు కూడా.

ఆ రోజు నుంచి మువ్వలరేవు సిపాయిలకు కడవెడు నీళ్లు కూడా పోయలేదు. తప్పు ఎవరిదో పాపయ్య బజారులో నిలబడి చెప్పేవాడు. బాంబు వేసినవాడిది, బజారును గురిగా మార్చినవాడిది అని. వాళ్లిద్దరూ అందేంత దూరంలో లేరు. తవిటయ్య అందేంత దూరంలో ఉన్నాడు. కోపం కూడా బజారు సరుకే, దగ్గర్లో దొరికే చోటికే పోతుంది.

తవిటయ్య కట్లు కట్టిన చేతులతో కొట్టుకు వచ్చి కూర్చునేవాడు. నన్ను ముట్టుకునేవాడు కాదు. అతనికి కావలసింది ఒక్కటే, గవరమ్మ నోటి వెంట ఒక మాట. తిట్టయినా సరే. తన నోరు అలవాటుకొద్దీ అన్నదని ఆమెకు తెలియాలి. పాపయ్య తాను వెళ్లి చెబుతానన్నాడు. వద్దు, అన్న నోరే చెప్పాలి అన్నాడు తవిటయ్య. అతని దళానికి తూర్పు సరిహద్దుకు పొమ్మని ఉత్తర్వు వచ్చింది. బయలుదేరే రోజు ఆమె గుడిసె ముందు నిలబడ్డాడు. చేతులకు కట్లు ఉన్నాయి కాబట్టి మోచేత్తో తలుపు తట్టాడు. లోపల పొయ్యి వెలుగుతున్నట్టు పొగ వస్తోంది. తలుపు తెరుచుకోలేదు. ఎండలో చాలాసేపు నిలబడి, తిరిగి వచ్చి లారీ ఎక్కాడు. మా అరుగు మీంచి ఇదంతా కనిపించింది. పాపయ్య ఆ పూట కొలతలో రెండుసార్లు తప్పాడు.

అడవుల్లో ఎక్కడో, ఒక వంతెన దగ్గర, తవిటయ్య పోయాడు. కబురు పాపయ్యకే వచ్చింది. పోలమ్మకు చెప్పడానికి అతను ఇంటి నుంచి కొట్టుకూ, కొట్టు నుంచి ఇంటికీ తిరిగాడే తప్ప రేవు వైపు పోలేకపోయాడు. చివరికి అచ్చియ్యమ్మే నూతి దగ్గరికి వెళ్లి తల మీద నీళ్లు పోసుకుంది. కొన్న బిడ్డ కాబట్టి నష్టం తన పేరున కూడా పడాలని ఆమె న్యాయం. తడి చీరతోనే పోలమ్మను తీసుకువచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. పోలమ్మ ఏడవలేదు. ఆ చెయ్యి నయమైందా, కట్లు ఎవరు విప్పారు అని అడిగింది. ఎవరికీ తెలియదు.

బజారు దూరంగా నిలబడి చూసింది. సర్కారు సిపాయి తల్లి దగ్గరికి ఎవరు ముందు వెళ్లాలో తేలలేదు. అప్పుడు గవరమ్మ చేపలగంప దించి, చేతులు కడుక్కుని వచ్చి పోలమ్మ పక్కన కూర్చుంది. కళాసీల్లో ఒకడు, నీ మొగుణ్ణి లాభం అన్నోడి కోసవేటి అప్పా, అని అడిగాడు. దెప్పడమో, నిజంగా తెలియక అడగడమో నేను చెప్పలేను.

"ఈ యుద్దాన్ని రేపూ తిడతాను, ఎల్లుండీ తిడతాను," అంది గవరమ్మ. "ఈ తల్లి పక్కన కూకోడానికి దానికీ ఏటి సమ్మందం?" పోలమ్మ వైపు తిరిగింది. "ఆడొచ్చి తలుపు కొట్టేడు. నాను లోపలే ఉన్నాను. తీయలేదు. ఇప్పుడు తీద్దారంటే కొట్టేవోడు లేడు."

పోలమ్మ అప్పుడు ఏడ్చింది. గవరమ్మ ఆమెను పట్టుకుంది. చెప్పాల్సిన మాట చెప్పాల్సినవాడికి చేరలేదు. ఇలాంటి బాకీని ఏ వర్తకుడూ వసూలు చేయలేడు, చెల్లించనూ లేడు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. యుద్ధం అయిపోయింది. తుపాకులు ఎత్తుకుపోయారు, అవి నిలిచిన చోట గుంటలు మిగిలాయి. అచ్చియ్యమ్మ పోయింది, పాపయ్య పోయాడు. కిలోలు వచ్చాయి, నాతో కొలిస్తే నేరం అన్నారు. కొంతకాలం పాపయ్య మనవరాలి ఇంట్లో మేకుల డబ్బాగా ఉన్నాను. ఆమె ఇల్లు మారుతూ నన్ను పాత సామాన్లవాడికి వేసింది. ఇప్పుడు చిల్లు బిందెకూ చెవి విరిగిన గంగాళానికీ మధ్య బోర్లా పడి ఉన్నాను.

నిన్న ఒకడు వచ్చి గోటితో నన్ను గీకి చూశాడు. మంచి ఇత్తడి అన్నాడు. మంచి ఇత్తడికి ఎప్పుడూ రెండు గిరాకీలు. ఒకటి వంటింటిది, రెండోది తూటాలది. ఈసారి నన్ను ఎవరు కొంటారో నాకు తెలియదు, నన్నెవరూ అడగరు. సిపాయి చేతిలోకి పోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఆ చెయ్యి ఎలాంటిదో ఎరుగుదును, మంటలోకి పోయి మనిషిని తెచ్చిన చెయ్యి. ఆ చెయ్యి దాటాక నన్ను ఎక్కడికి పంపుతారో, అక్కడ ఏ కొట్టు ముందు ఎవరు గోనెసంచులు పరుస్తారో, అదే నా భయం. కొలిమి అవతలి గదిలో ఉంది. తిత్తి ఊదుతున్న చప్పుడు వినిపిస్తోంది.