పదిహేడో మగ్గు

అక్క మళ్లీ తొట్టి తోముతోంది.

పెరటి గుమ్మంలోనే ఆ గరగర వినిపించి చెల్లెలి కాళ్లు ఆగిపోయాయి. బావగారు డెంగీ జ్వరంతో పోయి రెండు నెలలు. ఈ రెండు నెలల్లో ఆ ఇంట్లో నీళ్లు నిలిచే ప్రతి వస్తువూ బోర్లా పడింది. బకెట్లు, చెంబులు, చివరికి పూలకుండీల కింది పళ్లాలు కూడా. బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టిని మాత్రం బోర్లించడం కుదరక అక్క దాన్ని రోజుకు రెండుసార్లు తోముతోంది. అది ఎండిపోయి ఎన్నాళ్లయిందో.

చెల్లెలిది దోమల చదువు. ఏ దోమ ఏ నీళ్లలో గుడ్లు పెడుతుంది, ఎన్నాళ్లకు రెక్కలొస్తాయి, ఎంత దూరం ఎగురుతుంది, ఇరవై ఏళ్లుగా ఇదే పని. బావగారు ఆమెను దోమల మరదలనేవారు. చేతులు ఠప్‌మని చరిచి, అరచేయి చూపించి, "ఏమ్మా, నీ శిష్యురాలు ఒకతె పోయింది. సెలవు పెడతావా?" అనేవారు.

ఆ చరుపు ఆమెకు ఇంకా వినబడుతోంది. ప్రయోగశాలలో, దోమలు పెంచే వల పెట్టెల మధ్య నిలబడి ఉండగా, వీపు వెనక. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. దేవుడి ముందు కళ్లు మూసుకున్నా అంతే.

ఎందుకో ఆమెకు తెలుసు. ఆమె ఒక్కదానికే తెలుసు.

బావగారికి జ్వరం రాకముందు, దోమల లెక్క కోసం అక్క వాళ్ల వీధిలో నలభై ఇళ్ల పెరళ్లలో నల్ల ప్లాస్టిక్ మగ్గులు పెట్టించింది. ఒక్కోదాంట్లో సగం నీళ్లు, ఒక గరుకు కాగితం. దోమ వచ్చి కాగితం మీద గుడ్లు పెడుతుంది. ఏడో రోజున కాగితం తీసి, నీళ్లు పారబోసి, గుడ్లు లెక్కపెట్టాలి. ఏడు దాటితే దోమల్ని లెక్కగట్టే మగ్గే దోమల్ని కంటుంది.

ముప్పైతొమ్మిది మగ్గులు పనివాళ్లు చూసుకునేవారు. పదిహేడోది, అక్క పెరట్లోది, తనే చూస్తానని పట్టుబట్టింది. ఆ వంకన అక్క చేతి టీ, బావ వేళాకోళం. ఒక వారం పై ఊళ్లో సమావేశం పడింది. మన ఇల్లే కదా అనుకుందేమో, ఆ మగ్గు సంగతి ఎవరికీ అప్పగించలేదు. తిరిగి వచ్చేసరికి పద్నాలుగో రోజు. నీళ్ల మీద ఖాళీ తొడుగులు తేలుతున్నాయి, దోమలు విడిచి ఎగిరిపోయినవి. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. పారబోసింది. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా వదిలేసింది. మూడు వారాలు తిరక్కుండానే బావగారికి జ్వరం.

వాటిలోదే కుట్టిందని రుజువేముంది? వీధి నిండా దోమలే. శాస్త్రం అంతవరకే చెబుతుంది. మిగతాది దేవుడికి తెలుసు, ఆయన చెప్పడు. అలా చెప్పకపోవడం దయో శిక్షో ఆమెకు అంతుపట్టలేదు.

"వచ్చావా?" అంది అక్క తలెత్తకుండా. "చూడు, ఆ మూల పాచి ఇంకా వదల్లేదు."

"పొడి తొట్టిలో ఏం పుడుతుందక్కా? లే."

"నువ్వలాగే అంటావు. పక్కింటావిడ అనడం లేదుగా! వాళ్లాయనా అదే వారం జ్వరాన పడ్డాడు. బతికి బట్టకట్టాడు కానీ, గోడ మీంచి మొహం మీదే అనేసింది, 'మీ తొట్టి మా కొంప ముంచబోయింది' అని. నేనేమంటాను? నడుం నొప్పని బద్ధకించి వారం రోజులు నీళ్లు మార్చలేదు. నా మనిషిని నేనే మింగాను."

ముందుగదిలో, ఎవరూ లేని గదిలో, ఠప్‌మంది.

"తొట్టి కాదక్కా." మాట దానంతటదే బయటపడింది.

"మరి?"

చెల్లెలు చెప్పింది. మగ్గు, సమావేశం, పద్నాలుగో రోజు, ముప్పై ఒకటి. "అవేనని చెప్పలేను. కావనీ చెప్పలేను. నీ తొట్టి మాత్రం ఆ రోజే చూశాను. అన్నీ సబ్బునీళ్లు. ఒక్క పురుగు లేదు."

అక్క బ్రష్షు కింద పెట్టి చేతులకేసి చూసుకుంది. వేళ్లన్నీ పగిలి ఉన్నాయి.

"దోమ ఎన్నాళ్లు బతుకుతుంది?"

"మహా అయితే నెల."

"అయితే అవన్నీ చచ్చుంటాయి."

"ఆఁ."

"నువ్వు మాత్రం రెణ్ణెల్లుగా వచ్చి నా చేతి అన్నం తిన్నావు. నేనిది తోముతుంటే ఆ గుమ్మంలో నిలబడి చూశావు."

తిట్టినా బాగుండేది. అక్క తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"పద."

"ఎక్కడికక్కా?"

"పక్కింటికి. ఆవిడతో నువ్వే చెప్పు. నేను పక్కన నుంచుంటాను, అంతే. నీ తరఫున ఒక్క ముక్క మాట్లాడను."

తలుపు అక్కే తట్టింది. పక్కింటావిడ తీసి, అక్కను చూసి మొహం తిప్పుకోబోయింది.

"తప్పు మా అక్క తొట్టిది కాదండీ," అంది చెల్లెలు. "నాది."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తలుపు మూయలేదు. "ఏమండీ, ఓసారి ఇలా రండి," అని లోపలికి పిలిచింది. గోడ పట్టుకుని నడిచే మనిషి అడుగులు, ఒకటి తర్వాత ఒకటి, మెల్లగా గుమ్మం వైపు రాసాగాయి.