ఎదురుగాలి లెక్క

సింధూజ లెక్కల పుస్తకం పట్టుకుని యూనివర్సిటీ చెట్ల కిందికి పోతుంటే వెనకాలే నేనూ పోతాను. తార్నాకలో రోడ్డు దాటేటప్పుడు బస్సు గుద్దుతుందేమోనని ఒక భయం, కొమ్మ విరిగి నెత్తిన పడుతుందేమోనని ఇంకో భయం. నేను చదివింది ఏడో తరగతి. నా బిడ్డ విమానం నడుపుతానంటోంది. ఇంటర్లో నేర్చిన లెక్కలు బీకాం చదువుతూ మర్చిపోయింది. ఆదివారం ఫ్లయింగ్ స్కూలు వాళ్ల లెక్కల పరీక్ష. అందులో తప్పితే మా మరిది కరుణాకర్ చూసిపెట్టిన ఆఫీసు ఉద్యోగంలో చేరాలని ఇంట్లో మాట అయిపోయింది.

ఆ పొద్దున మరిది స్కూటర్ ఆపి మా బెంచీ దగ్గరికి వచ్చాడు. పరీక్షదాకా ఎందుకు, రేపే చేరమని మొదలుపెట్టాడు. సింధూజ తలెత్తకుండా లెక్క చేస్తోంది. ఎదురుగాలి ఉంటే విశాఖపట్నం చేరడానికి ఎంత ఇంధనం కావాలన్నది ఆ లెక్క. చేసి, జవాబు చదివింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అక్కడ వాన పడి దిగనియ్యకపోతే ఏం చేస్తావని అడిగాను.

పెన్ను ఆగిపోయింది. ఇంకో ఊరికి మళ్లడానికి కావలసింది కలపడం మర్చిపోయానంది.

మరిది నవ్వాడు. "అయిపాయె. అందర్నీ సముద్రంల ముంచినవ్ బిడ్డా. వదినె, ఇంక పుస్తకం మూయమను. పదో తరగతిల దీని లెక్కల మార్కులు చూడలేదా మనం?"

సింధూజ నిజంగానే పుస్తకం మూయబోయింది. అతను అన్నది నేను రోజూ అనుకునేదే. కానీ నేననుకోవడం వేరు, ఇతను అనడం వేరు.

"ముంచలే కరుణాకర్. నేల మీద కూసొని తప్పు చేసింది. గీడ తప్పులు చేసి దిద్దుకుందామనే వచ్చినం. నీ ఆఫీసుల కుర్చీ ఇంకెవలకన్న ఇప్పియ్యి."

"ఆదివారం ఫెయిలయితే?"

"మళ్ల రాస్తది. మళ్ల ఫెయిలయితే మళ్ల రాస్తది."

"అన్నకు ఏం చెప్తవ్ మరి?"

"గదే చెప్త. నువ్వు పో, ఎండెక్కుతున్నది."

స్కూటర్ మలుపు తిరిగిందాకా చూస్తూ నిలబడ్డాను. సింధూజ మళ్లీ పేజీ తిప్పింది. విమానం నడుపుతానన్న రోజు నుంచీ నోట్లోంచి రానివ్వని మాట ఒకటుంది. ఇంక దాన్ని దాచుకుని లాభం లేదనిపించింది.

"నడుమల ఇంజన్ ఆగిపోతే ఎంత దూరం పోతదే?"

ఆమె నా మొహంలోకి చూసింది. దానికీ లెక్కుందమ్మా అంది.

"అయితే చెయ్. నేను చూస్త."